గిలక మీది ముఖం

కరోనా తగ్గిన కొత్తల్లో, అబుదాబిలోని ముసఫ్ఫాలో మా కంపెనీ బస్సు గట్టిగా బ్రేకు వేసింది. పక్క సీటులోని ఆఫ్రికా అతని ఒళ్లోంచి మగ్గం గిలక జారి నా కాలికి తగిలింది. చెక్క గిలక మీద ఒక స్త్రీ ముఖం చెక్కి ఉంది. దేవతేమోనని తీసి కళ్లకద్దుకున్నాను.

అతను పగలబడి నవ్వి, ఇక్కడికొచ్చి నేర్చిన హిందీలో అన్నాడు. "గాడ్ నహీ భాయ్, మేరీ బీవీ!"

భార్య ముఖాన్ని తానే చెక్కాడట. నేసేటప్పుడు కళ్లెదుటే వేలాడేదట. మగ్గం అమ్మేసి ఇక్కడికి వచ్చినా, గిలకను మాత్రం అమ్మలేదట.

నాకు సిగ్గేసింది. వచ్చీరాని హిందీలో సర్దిచెప్పుకున్నాను. "ఏమనుకోకు భాయ్. మాదీ నేతోళ్ల ఇల్లే. పనిముట్టుకు కాలు తాకితే మొక్కుతం."

అతని నవ్వు ఆగింది. గిలకను కాసేపు చూసి, అచ్చం నాలాగే రెండు కళ్లకూ అద్దుకున్నాడు.