మారెప్ప వచ్చి పోయినాడంట

2004 ఎన్నికలప్పుడు మా లెక్చరర్ నన్ను నల్లమాడ పక్క ఒక పల్లెకు తోలాడు. పోలింగ్ జరిగే బడి గేటు బయట నిలబడి, ఓటేసి వచ్చినవాళ్లను ఎవరికి వేశారని అడగాలి. డిగ్రీ చదివే పిల్లకు ఎవరు చెబుతారండీ! "మా ఇంటోనికే చెప్పల్యా, నీకు చెప్తానా?" అని ఒకామె కసిరింది. మధ్యాహ్నానికి ఎండకు నా విసుగు కూడా ఎండిపోయింది. నోరు దానంతటదే అడుగుతోంది.

అప్పుడొచ్చింది హనుమక్క, లోపలి నుంచి పరుగున. నేను అడిగేలోపలే నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, పొద్దున్నుంచి ఈడే ఉండావు గదా! మా మారెప్ప యా పక్కకు పోయినాడు?"

"మారెప్ప ఎవరక్కా?"

"మా ఇంటాయప్ప. పొద్దున్నే వచ్చి ఓటేసి పోయినాడని లోపల సారు ఓట్ల పట్టీ చూసి చెప్పినాడు. పొడుగ్గా ఉంటాడు, కుడికాలు ఈడ్చి నడుస్తాడు."

అట్లాంటి మనిషిని నేను చూడలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె వినిపించుకోలేదు. రోడ్డు మీదే చూపు పెట్టి గబగబా చెప్పుకుపోయింది. వానల్లేక చెనిక్కాయ చేను ఎండిపోతే మారెప్ప బెంగళూరుకు కూలికి పోయాడట. కట్టే మిద్దె మీద నుంచి పడి చచ్చిపోయాడని, అక్కడే మన్ను చేశామని తోటి కూలోళ్లు వచ్చి చెప్పారట. దినాల నాడు గాజులు తీయడానికి వచ్చిన ఆడవాళ్లను ఈమె గడప తొక్కనీయలేదట. శవాన్ని చూడందే ఎట్లా తీస్తారు? పచ్చ గాజులు ఇంకా చేతులకే ఉన్నాయి.

"ఊరంతా నన్ను పిచ్చిదన్నారు. ఇప్పుడేమంటారు?" అని నవ్వింది.

గేటు దగ్గర ఒక పార్టీ తరఫున నిలబడిన వీరప్పకు చిర్రెత్తింది.

"ఏందక్కా నీ గోల? మారెప్ప ఓటు మావోడు ఏసినాడు. సచ్చినోళ్ల ఓట్లన్నీ అట్లే ఏస్తాం. ఊరికే పోనిస్తామా?"

ఎంత తేలిగ్గా అన్నాడో, వాడి నోట్లో మన్ను పడ!

హనుమక్క ఏడవలేదు. బడి కొళాయి దగ్గరికి పోయి, అక్కడి బండకు ఒక చెయ్యి కొట్టింది, తర్వాత రెండోది. పిల్లోళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయని గాజు ముక్కలన్నీ ఏరి గోడ అవతల పారేసింది. తిరిగొచ్చి నా ముందు నిలబడింది. మణికట్టు మీద సన్నగా నెత్తురు. నాకు ఏమీ అనిపించలేదు, ఏడుపు కూడా రాలేదు. పొద్దున్నుంచి అలవాటైన నోరే అడిగేసింది.

"ఎవరికి వేశావక్కా?"

"నేనింగా ఏయల్యా పాపా. ఆయప్ప వచ్చినాడంటే పరిగెత్తుకోని వచ్చేసినా."

కొంగుతో బోసి చేతులు కప్పుకుని, పోయి మళ్లీ ఆడవాళ్ల వరుసలో చివర నిలబడింది.