నడిమి కమాను

ఎండాకాలంలో ఏ పనీ లేకపోయినా మా పోస్టాఫీసులోకి వెళ్ళి నిలబడేవాళ్ళున్నారు. మూరెడు మందం గోడలు. వేడంతా పైకప్పు కిందున్న గుండ్రటి కిటికీల్లోంచి బయటికి పోతుంది. కౌంటరు ముందు బండలు తరాల తరబడి చెప్పుల కింద అరిగి పళ్ళేల్లా గుంటలు పడ్డాయి. ముందు వసారాకి మూడు రాతి కమానులు. పక్కవి రెండూ ఎవరు కట్టారో ఎవరూ చెప్పలేరు. నడిమిది మాత్రం మా వీధి తాపీ మేస్త్రి చేతిది.

అక్కడున్న పాత కమాను నెర్రెలిచ్చి నెత్తిమీది రాయి జారినప్పుడు, మూడింటినీ పీకేసి కాంక్రీటు దూలం వేద్దామన్నారు పై ఆఫీసువాళ్ళు. మేస్త్రి వెళ్ళి పోస్టుమాస్టరుని బతిమాలాడు.

“దీన్ని నేను మళ్ళీ నిలబెడితే మిగతావాటి జోలికి రారు కదండీ?”

“నిలబడితే రారు. కూలిందా, మూడూ పోతాయి.”

ఇంట్లో ఈ మాట చెప్పగానే ఆయన భార్య నెత్తి బాదుకుంది. “కొరివితో తల గోక్కోవడం మీకు సరదా!” అంటూనే మర్నాడు తనే సున్నం నానబెట్టింది. రాళ్ళు ఆయనవైతే సున్నం ఆవిడది. ఆవిడ నూరిందంటే వెన్న కూడా చిన్నబోవాల్సిందే.

కింద చెక్కచట్రం కట్టి, రెండువైపుల నుంచీ రాళ్ళు పేర్చుకొచ్చాడు మేస్త్రి. పూర్తయ్యాక చూస్తే పక్కవాటికంటే బొటనవేలంత ఎత్తుగా ఉంది. బావమరిది ఊరుకుంటాడా?

“బావా, నీ కమాను పక్కవాళ్ళని చూసి కనుబొమ్మ ఎగరేస్తోందేంటి?”

“చట్రం తీశాక బరువుకి కాస్త దిగుతుంది రా. అందుకే ముందే ఎత్తు పెట్టా.”

“ఎంత దిగాలో దానికి చెప్పావా?”

“అదే కదరా నా బాధ!”

ఇంతలో ముసురు పట్టింది. సున్నం ఆరదు. జనమంతా పెరటిదారినే దొంగల్లా వస్తున్నారని పోస్టుమాస్టరు గోల. భార్య రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి రాళ్ళ సందుల్లో గోరు గుచ్చి చూసి, “ఇంకా పచ్చే,” అని దిగేది. ఆవిడ గోరు దిగనంటే తప్ప చట్రం ముట్టుకునేది లేదన్నాడు మేస్త్రి. చివరికి ఒకరోజు గోరు దిగలేదు.

చట్రం దించేటప్పుడు కట్టినవాడే కమాను కింద నిలబడాలని ఆయన పట్టు. నిలబడ్డాడు. పక్కనే ఆవిడా వచ్చి నిలబడింది.

“నువ్వు అవతలికి పో.”

“సున్నం నాది కాదూ? పడితే మీ రాళ్ళొక్కటే పడతాయా?”

“చెప్తే వినవే!”

“అక్కా, మీరిద్దరూ తేల్చుకోండి, నేను టీ తాగొస్తా,” అన్నాడు సుత్తి పట్టుకుని నిలబడ్డ బావమరిది.

“ముందు కొట్టరా!” అన్నారిద్దరూ ఒక్కసారే.

అతను చట్రం కింద బిగించిన చెక్కముక్కల్ని ఇటొకటి, అటొకటి వదులు చేస్తూ వచ్చాడు. రాళ్ళు ఒక్కసారి మూలిగాయి. ఆవిడ జుట్టులో సున్నం పొడి రాలింది. మేస్త్రి గభాల్న ఆవిడ తలమీద అరచెయ్యి పెట్టాడు. “బండ పడితే ఆపుదామనే, ఆ చేత్తో!” అని ఆవిడ నాకు చెప్పి పడీపడీ నవ్వింది.

చట్రం దిగింది. రాతికీ చెక్కకీ మధ్య సన్నటి వెలుగు కనిపించింది. కమాను మాత్రం పైనే ఉండిపోయింది.

ఆ తర్వాత దూలం మాట ఎవరూ ఎత్తలేదు. మూడు కమానులూ అలాగే ఉన్నాయి. నడిమిది అనుకున్నంత దిగలేదు. ఇప్పటికీ చూపు నిలిపితే కాస్త ఎత్తుగా కనిపిస్తుంది. ఎందుకలా అని మేస్త్రినే అడిగాను.

“నా లెక్క తప్పింది,” అన్నాడు.

“లెక్కా పాడా! సున్నం అంత గట్టిగా పట్టింది,” అంది భార్య లోపల్నుంచి.

“విన్నారుగా,” అన్నాడాయన నాతో, “తప్పు ఆవిడదేనట.”