మరచెంబులో మిగిలిన నెల్లూరు నీళ్ళు

మా తిరువూరుకు రైలు లేదు. మద్రాసు వెళ్ళాలంటే ముందు ఎర్రబస్సులో ఎ.కొండూరు, మైలవరం మీదుగా బెజవాడ చేరాలి. టికెట్టుతో పాటు దుమ్ము ఉచితం. మా ఆవిడ మార్తమ్మకు మూత్రపిండంలో రాయి ఉందంటే, బడికి సెలవు పెట్టి మద్రాసులో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇదే పని మీద మా తాలూకా నుంచి బయల్దేరేవారు ఇంకా ఉంటారు కనుక, తిరుగు ప్రయాణం ఎలా సాగిందో రాస్తున్నాను.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు మందుల కంటే నీళ్ళే ముఖ్యమన్నారు. గంటకో గ్లాసు తాగకపోతే నొప్పి తిరగబెడుతుందని, అప్పుడు కోత తప్పదని, మూడు నెలలకు మళ్ళీ రమ్మని చెప్పారు. కోత పేరు వింటేనే మార్తమ్మకు వణుకు. బుద్ధిగా తలూపింది.

ఉదయం ఏడింటి బండి. కాచి చల్లార్చిన నీళ్ళు మరచెంబు నిండా పోసి, మూత బిగించి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. మాది రెండో తరగతి పెట్టె. ఎక్కేసరికే కిందంతా వేరుశనగ తొక్కలు, ఎంగిలి విస్తరాకులు. గోడల మీద కిళ్ళీ ఉమ్ములు. ఎదుటి సీట్లో ఒక బట్టల వ్యాపారి, మల్లెపూవులాంటి పంచెలో, కమలాలు ఒలిచి తొక్కలు మా కాళ్ళ మధ్యే వేస్తున్నాడు. ఆయన కూర్చున్నది కిటికీ పక్కనే, బయటికి విసరొచ్చు. ఆ మాటే మెల్లగా అంటే ఆయన నొచ్చుకోలేదు కూడా.

"ఇదేమన్నా మనిల్లా ఏంటండీ? దిగిపోయేవాళ్ళమేగా."

చుట్టూ నలుగురు నవ్వారు. ఇంటి దగ్గర చెప్పులు విప్పనిదే ఈయన ఎవర్నీ గడప దాటనివ్వడని నేను ప్రమాణం చేయగలను. రైలెక్కితే మాత్రం ఎవరికి వారే యమునా తీరే.

గూడూరులో ఇడ్లీ పొట్లాలు కొన్నాను. మార్తమ్మ సగం ఇడ్లీ తిని పక్కన పెట్టింది. గ్లాసులో నీళ్ళు పోసి ఇస్తే దాహం లేదంది. పెదవులు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. డాక్టరు మాటంటే లెక్క లేదా అని కోప్పడ్డాను. అప్పుడు ఆమె పక్కనున్న తెనాలి పెద్దావిడ కలగజేసుకుంది.

"ఆ అమ్మాయిననకు నాయనా. రైలెక్కాలంటే ముందురోజు పొద్దుగూకిన కాడ్నించే ఆడాళ్ళం నీళ్ళు మానేస్తాం. మా అమ్మ నాకు చెప్పింది, నా కూతురికి నేను చెప్పాను. ఓసారి ఆ లెట్రిన్ తలుపు తీసి చూసిరా."

చూశాను. అడుగు పెట్టడానికి చోటు లేదు. కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. మగవాళ్ళు లోపలికి పోకుండా గుమ్మంలోనే పని కానిచ్చేస్తున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మార్తమ్మ నాతో ఎన్నిసార్లు రైలెక్కిందో! ప్రతిసారీ దాహంతోనే ఎక్కిందని నాకు ఆనాడు తెలిసింది. సిగ్గేసింది.

ఇక ఆలోచించలేదు. చొక్కా చేతులు మడిచి, పాత పేపర్లతో తుడిచి, మరచెంబు నీళ్ళన్నీ గుమ్మరించి కడిగాను. నెల్లూరులో కుళాయి దగ్గర తోసుకుని మళ్ళీ చెంబు నింపుకొచ్చాను. లెట్రిన్ ఇప్పుడు శుభ్రంగా ఉంది, తాగు అన్నాను. నా మాట నమ్మి ఆమె రెండు గ్లాసులు గటగటా తాగింది. నాకెంతో తృప్తిగా అనిపించింది.

కావలి దాటాక లేచి వెళ్ళింది. వెళ్ళినట్టే వెనక్కి వచ్చి కూర్చుంది. ఏమైందని అడిగితే తల దించుకుని, "మీ తర్వాత ఆ పెద్దమనిషి వెళ్ళొచ్చాడుగా" అంది.

వ్యాపారిని అడిగాను. "కుళాయి రావట్లేదు సార్, నేనేం చెయ్యను?" అన్నాడు. అదీ నిజమే. నేను మళ్ళీ చెంబు అందుకుంటే మార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ. ఎన్నిసార్లని కడుగుతారు?"

ఒంగోలు, చీరాల, తెనాలి. పెద్దావిడ దిగుతూ మార్తమ్మ తల నిమిరి వెళ్ళింది. తాగని నీళ్ళతో వచ్చిన బాధ కంటే నన్ను నమ్మి తాగిన నీళ్ళతో వచ్చిన బాధ ఎక్కువైంది. ఆమె పిడికిళ్ళు బిగించుకుని కళ్ళు మూసుకుంది. బండి ఆలస్యంగా, నాలుగింటికి బెజవాడ చేరింది. ఆడవాళ్ళ వెయిటింగ్ రూములోంచి బయటికి వచ్చేసరికే నడుములో పోటు మొదలైంది.

తిరువూరు బస్సులో ముందు సీటు దొరికింది. మైలవరం దాటాక ఆమె నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"మూణ్ణెల్లకి మీరొక్కరే వెళ్ళి నా సంగతి చెప్పి మందులు తెచ్చెయ్యండి. కోయాల్సే వస్తే ఇక్కడే ఎక్కడో కోయించుకుంటాను. ఆ రైలు మాత్రం నేనెక్కను."

కోతంటే వణికే మనిషి అన్న మాట అది. మద్రాసు వెళ్ళేవారికి ఏదో ఒక సలహా రాయాలని మొదలుపెట్టాను గానీ, నా దగ్గర ఏమీ లేదు. అప్పుడు బస్సు ఎ.కొండూరు దాటుతోంది. మరచెంబులో నెల్లూరు నీళ్ళు సగం అలాగే ఉన్నాయి. తాగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.