ముందు తలుపు తెరవండి

సునామీ తర్వాత మా దీవిలోని గోల్ ఘర్ పేటలో మా పక్క వాటాలో ఉన్న చార్జర్ భయ్యాను నేను చాలాకాలం దొంగనే అనుకున్నాను. మా ఆయన జీపు నడిపితేనే మాకు తిండి. ఆ జీపు బ్యాటరీ దిగిపోయింది. కొత్తది ఓడ మీద ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. భయ్యా దగ్గర చార్జర్ ఉందని బ్యాటరీని ఆయన గదికి మోసుకెళ్లాం.

ఎవరు బ్యాటరీ తెచ్చినా ఆయన ఒకే మాట అనేవాడు: "ముందు తలుపు తెరవండి." ఆ తర్వాత బ్యాటరీకి క్లిప్పులు తగిలించి, ఆఖరున ప్లగ్గు పెట్టి, అందరినీ బయటికి పంపేసేవాడు. మా మంచి బ్యాటరీ దాచేసి పాతది అంటగట్టడానికే ఈ నాటకమని నా అనుమానం.

అందుకే ఆయన నీళ్లు పట్టుకోవడానికి వెళ్లగానే లోపలికి దూరి, తలుపూ కిటికీలూ మూసి కాపలా కూర్చున్నాను. గది చీకటైపోయింది. బ్యాటరీ మాదేనా అని చూడ్డానికి అగ్గిపుల్ల తీశాను. అంతలో ఆయన తలుపు తోసుకొచ్చి నా చేతిలోని అగ్గిపెట్టె లాక్కున్నాడు. కిటికీలన్నీ తెరిచి, కాసేపు ఆగి, స్విచ్చి కట్టేశాడు.

"పాగల్ హో గయీ క్యా, దీదీ? దీన్లోంచి గ్యాసొస్తాది. అగ్గి తగిల్తే పేల్తాది!"

"గ్యాసైతే వాసనేదీ? నువ్వు మా బ్యాటరీ మార్చెత్తావనే కాపలా కూకున్నాను!"

ఆయన ప్లగ్గు పీకాడు. బ్యాటరీనీ చార్జర్‌నీ వరండాలోకి తెచ్చి, ఎదురుగా స్టూలు వేసి, "కూకోండి దీదీ, అయ్యేదాకా సూడండి," అన్నాడు.

కూర్చున్నాను. ప్లగ్గు పెట్టబోతూ ఆయన ఆగి, నన్ను లేపి, స్టూలును రెండడుగులు వెనక్కి జరిపాడు.