పలకని పెట్టె

తెనాలిలో ఎస్టీడీ బూత్ పక్కనున్న గాజుబొమ్మల కొట్లో నేనూ, ఒక పెద్దావిడా పార్సిళ్లు కట్టేవాళ్లం. రేపల్లె బస్సుకి వేసేవన్నీ యజమాని ఆవిడకే ఇచ్చేవాడు. నాకు ఊళ్లోవే. ఆవిడ బొమ్మల చుట్టూ వరిగడ్డి కూరి, పురికొస బిగించి, లోపల గాజు చప్పుడవుతుందేమోనని పెట్టెను చెవి దగ్గర ఊపేది. “పలకట్లేదమ్మా, పంపించెయ్” అనేది నాతో. ఆ మాటకి నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఆవిడ అన్నానికి వెళ్లగానే, కిటుకేంటో చూద్దామని ఆవిడ కట్టిన పెట్టె ఒకటి విప్పాను. అదే గడ్డి, అవే కాగితాలు. తిరిగి సర్దితే రెండు గుప్పెళ్ల గడ్డి మిగిలిపోయింది. బల్ల కిందికి తోసేసి ముడి వేశాను.

ఆవిడ వచ్చి మళ్లీ ఊపింది. పెట్టె సన్నగా పలికింది. నావైపు చూడకుండానే ముడి విప్పుతూ, “బల్ల కింద గడ్డి ఇలా అందుకోమ్మా” అంది.

ఆ రెండు గుప్పెళ్లూ నా కళ్లముందే కూరింది. ఎక్కడ పట్టాయో నాకు ఇప్పటికీ తెలియదు.