గుండీలమ్మ చూపించిన మూల

ఏమర్రా, నా చుట్టూ చేరి ఎన్ని కథలు చెప్పించుకున్నారు! మీ ముత్తాత ఎంత పొడుగని అడిగారు. పెద్ద మామయ్యని కుక్క కరిచిన సంగతి నాలుగుసార్లు చెప్పించుకుని నాలుగుసార్లూ పడి పడి నవ్వారు. ఆ కుక్క గురించి అడిగినంత కూడా మీ చిన్ననానమ్మ గురించి అడగలేదే ఒక్కరూ! గోడ మీద ఫొటో ఉందిగా? రోజూ దాని కిందేగా చెప్పులు విప్పేది? తలెత్తి, ఈవిడెవరే అనడానికి నోరు పెగల్లేదా? బెల్లంకొట్టిన రాళ్లలా కూర్చున్నారు ఇప్పుడు. అడక్కపోయినా చెబుతాను, వినండి.

ఆవిడ నాకు తోడికోడలు. మా మరిది భార్య. ఊరంతా గుండీలమ్మ అనే పిలిచేవాళ్లు, ఎందుకంటే మా మరిదికి గుండీల కొట్టు ఉండేది. గుండీలు, దారాలు, సూదులు, జిప్పులు, అంచులకి కుట్టే లేసులు. ఆ కొట్లో పెద్ద సరుకేదైనా ఉందంటే అది మా మరిదే. పెళ్లయిన కొత్తలో కొట్టు వీధికి ఎడమ పక్కన ఉండేది. పొద్దున్నే తలుపులు తీసేవాడు. ఈగలు వచ్చేవి, జనం వచ్చేవాళ్లు కాదు. ఆవిడ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్లి, సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుని వీధి చూసేది. మూడో వారానికి నోరు విప్పింది.

"ఏమండీ, కొట్టు ఎదుటి పక్కకి మార్చండి."

"ఎందుకు? ఈ పక్కన ఎంత జనం తిరుగుతున్నారో కనిపించడం లేదా?"

"తిరుగుతున్నారు, పొద్దున్న. బస్సు అందుకోవడానికి. బస్సు కోసం పరిగెత్తేవాడు గుండీ ఊడిపోతే చెయ్యి అడ్డం పెట్టుకుని పరిగెడతాడు గానీ ఆగి కొంటాడా? సాయంత్రం బస్సు దిగినవాళ్లంతా ఆ పక్కనే నడుస్తున్నారు. ఇంటికెళ్లేవాడికి తొందరుండదు. ఇంట్లో తెమ్మన్నది అప్పుడే గుర్తొస్తుంది."

"నాలుగో తరగతి చదివినదానివి, నాకు వ్యాపారం నేర్పుతావా?"

"పది చదివి మీరు ఈగలు తోలుతున్నారుగా."

మా మరిది ఆరు నెలలు బిగుసుకుని, ఏడో నెలలో మార్చాడు. మారిన వారానికే సాయంత్రాలు కొట్టు ముందు మనుషులు నిలబడ్డారు. అప్పటినుంచి ఆయన నోటికి మూత లేదు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ, గుండీ చేతిలో పెట్టి, "ఈ చోటు చూసింది మా ఆవిడే" అనేవాడు. ఆవిడ లోపలినుంచి, "చిల్లర ఇచ్చి పంపండి, పాపం ఆయన ఇల్లు చేరాలి" అనేది.

అలా పేరు పాకింది. గొడుగులు అమ్మేవాడు ఒకడు వచ్చాడు. ఏడాదిగా బస్టాండు నడిబొడ్డున కూర్చుంటున్నాడట, నాలుగు గొడుగులు కూడా పోవడం లేదట. ఆవిడ వెళ్లి ఒక వానరోజు చూసొచ్చింది. "ఒరే అబ్బాయ్, వానలో తడుస్తూ గొడుగు బేరమాడేవాడు ఉంటాడా? ముందు వాడు ఏదో చూరు కిందకి దూరతాడు. నువ్వు ఆ చూరు కింద ఉండు" అంది. వాడు బ్యాంకు వరండా చివర చోటు సంపాదించుకున్నాడు. ఆ తర్వాత వాన వస్తే వాడొక్కడే నవ్వేవాడు.

ఆవిడ పని చేసే తీరు ఎవరికీ లేదు. ఒక చోటు చూడమంటే మూడు రోజులు చూసేది. మామూలు రోజు ఒకటి, సెలవు రోజు ఒకటి, ఎండో వానో దంచే రోజు ఒకటి. మడత స్టూలు వేసుకుని కూర్చునేది. ఒళ్లో కొట్టులోని గుండీలు. వట్టి చేతులతో పోయేవాడికి తెల్ల గుండీ, సంచీతో పోయేవాడికి నల్ల గుండీ, నడక తగ్గించి అటూ ఇటూ చూసేవాడికి ఎర్ర గుండీ. ఒళ్లోంచి తీసి సంచీలో వేసేది. రోజు చివర ఆ గుండీలు లెక్కపెట్టి అంకెలు వేసేది. "ఎర్రవి నన్ను మోసం చెయ్యవక్కా, మనుషులే చేస్తారు" అనేది.

ఇంకొక నియమం ఉండేది ఆవిడకి. మిగతా అంతా దాని మీదే నిలబడింది, జాగ్రత్తగా వినండి. చోటు చూడమన్నవాళ్లు అక్కడ ఏం అమ్ముతారో ముందుగా చెప్పకూడదు. చెప్పబోతే చెవులు మూసుకునేది. "చెప్పులని చెబితే నా కళ్లు కాళ్ల మీదకే పోతాయి. గొడుగులంటే మబ్బు మీదకి పోతాయి. నేను మనుషుల్ని చూడాలి. లెక్క ఇస్తాను. మీరేం అమ్ముకుంటారో తర్వాత మీ ఇష్టం." ఒక్క గొడుగులవాడి దగ్గరే ముందు తెలిసింది, వాడు గొడుగుల మోపు భుజాన వేసుకునే వచ్చాడు మరి.

చుట్టుపక్కల ఊళ్లలో కొట్లు తెరిచే కంపెనీ ఒకటి ఆవిడ సంగతి విని ఒక ఆఫీసరుని పంపింది. నడివేసవిలో కూడా మెడకి టై విప్పేవాడు కాదు, విప్పితే తల జారిపోతుందన్నట్టు. టై సారు అని పేరు పెట్టింది ఆవిడ. ఎనిమిదేళ్లు వాళ్లకి పని చేసింది. బస్సుల్లో వెళ్లేది, స్టూలూ గొడుగూ చంకన పెట్టుకుని. పదకొండు చోట్లు చూపిస్తే పదకొండూ నిలబడ్డాయి. ఎక్కడ ఏం తెరిచారో వెనక్కి వెళ్లి చూసేది కూడా కాదు. చూపించాక ఆ చోటు వాళ్లదే అనేది.

తొమ్మిదో ఏడు టై సారు ఇంటికే వచ్చాడు.

"ఈసారి మీ ఊళ్లోనేనమ్మా. చాలా పెద్దది. ఏం పెడుతున్నామంటే..."

"ఆగండి సారూ! తెలిసి కూడా మొదలుపెడతారేం?"

ఆయన నవ్వి నోరు మూసుకున్నాడు. ఎనిమిదేళ్ల అలవాటు మరి. ఆ ఒక్క మాట పూర్తి కానిచ్చి ఉంటే! నేను తలుచుకున్నప్పుడల్లా నా నాలుక కొరుక్కుంటాను, అక్కడ నేను లేకపోయినా.

అయిదు చోట్లు చూసింది. నాలుగు ఒక ఎత్తు, అయిదోది ఒక ఎత్తు. బస్సు దిగిన జనం మా మరిది వీధిలోకి తిరిగే మూల అది. పాత గోడౌను ఉండేది, తాళం వేసి. కొట్టుకి రెండు వందల అడుగుల దూరం. అక్కడ ఎర్ర గుండీలు సంచీ నిండా పడ్డాయి. ఆవిడకి మనసులో మంచే తోచింది. పెద్ద కొట్టు వస్తే దాని కోసం వచ్చిన జనం మన వీధిలోకీ పొంగుతారనుకుంది. లెక్క ఇచ్చేసింది. మా మరిది వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చెప్పుకున్నాడు. "మూల మీద పెద్ద కంపెనీ వస్తోంది. చోటు ఎంచింది ఎవరనుకున్నారు? మా ఆవిడే!" దర్జీకి చెప్పాడు, సంచీలవాడికి చెప్పాడు, వినకపోతే మళ్లీ చెప్పాడు.

గోడౌను కూల్చి మూడంతస్తులు లేపారు. ఒకరోజు పొద్దున్న దాని మీద ఆ చివరినుంచి ఈ చివరికి గుడ్డ బ్యానరు కట్టారు. మా మరిదికి అప్పటికే షుగరు కళ్లలోకి దిగి దూరం అక్షరాలు ఆనేవి కావు. "ఏం రాశారోయ్?" అని అడిగాడు. ఆవిడ కూడబలుక్కుని చదివింది. "సూది... నుంచి... సూటు దాకా..." అక్కడ ఆగిపోయింది.

"తర్వాత?"

"అన్నీ ఒకే చోట అని రాశారండీ."

ఆయన చేతిలో ఉన్న గుండీల డబ్బాకి మూత పెట్టాడు. తర్వాత, "సూదులు కూడానా?" అన్నాడు, అదేదో తమాషా అయినట్టు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ కంపెనీ ఆఫీసుకి పోయింది. అన్నం కూడా తినలేదు. టై సారు లేచి కుర్చీ వేయించాడు. అదే ఇంకా కష్టమైంది ఆవిడకి. తిట్టేవాడైతే తిరిగి తిట్టవచ్చు.

"సారూ, ఆ మూల లెక్క తప్పయింది."

"ఎక్కడమ్మా తప్పు?"

"ఎర్ర గుండీలు ఎక్కువ పడ్డాయి. ఎండకి కళ్లు బైర్లు కమ్మాయి సారూ, ఏవి వేశానో నాకే తెలియలేదు."

ఆయన బీరువాలోంచి ఫైలు తీశాడు. "మీ మీద అనుమానం ఉండి కాదమ్మా, పెద్ద కొట్టు కదా అని మీ తర్వాత ఇద్దర్ని కూర్చోబెట్టి మళ్లీ లెక్కపెట్టించాం. ఆగి చూసినవాళ్లు సాయంత్రం నాలుగు వందల పన్నెండని మీరు ఇచ్చారు. వాళ్లు నాలుగు వందల తొమ్మిది ఇచ్చారు. ఆ ముగ్గుర్నీ వాళ్లే వదిలేసి ఉంటారు, మీరు వదలరు."

"పోనీ పక్క వీధిలో పెట్టకూడదా?"

"అక్కడ జనం పరిగెడతారు గానీ ఆగరని రాయించింది మీరే కదమ్మా."

"మా ఆయన కొట్టు ఆ వీధిలోనే ఉంది సారూ."

టై సారు ఫైలు మూశాడు. ఆయన ముఖం కూడా వాడిపోయిందట, అబద్ధం ఎందుకు చెప్పాలి. "నేను చెప్పబోయానమ్మా ఆ రోజు" అన్నాడు మెల్లిగా. ఆవిడ లేచి వచ్చేసింది. స్టూలు లేకుండా ఆవిడ బస్సెక్కి తిరిగొచ్చిన రోజు అదొక్కటే.

మూల మీద పెద్ద కొట్టు తెరిచారు. ముందు తలుపు మూల మీద, వెనక తలుపు అవతలి రోడ్డు మీద. బస్సు దిగినవాళ్లు ముందునుంచి లోపలికి పోతారు, చల్లగా తిరుగుతారు, వెనకనుంచి సంచీలతో ఇంటికి పోతారు. మా మరిది వీధి మొహం చూసే పనే లేదు ఎవరికీ. వీధిలోకి పొంగుతారనుకుంది చూడండి, ఉన్న చుక్క కూడా ఇంకిపోయింది. ముందు సంచీలవాడు దుకాణం ఎత్తేశాడు. రెడీమేడు బట్టలు వచ్చాక దర్జీకి పంట్లాం పొడుగు తగ్గించే పని తప్ప మిగల్లేదు. దర్జీ కూడా మిషను బండి మీదకి ఎక్కించి, పోతూ పోతూ కొట్టు ముందు ఆగాడు.

"అమ్మా గుండీలమ్మా, ఊరందరికీ చోటు చూపించావు. మేం ఎక్కడికి పోవాలో, మాకూ ఒకటి చూపించు తల్లీ."

మా మరిది లేచాడు. "నోరు అదుపులో పెట్టుకో! ఏం అమ్ముతారో చెప్పకుండా దాని చేత లెక్కపెట్టించారు వాళ్లు."

"చెప్పబోతే నేనే వద్దన్నానండీ" అంది ఆవిడ.

దర్జీ బండివాడికి సైగ చేశాడు. బండి కదిలింది. మా మరిది కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎత్తి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆవిడ నా దగ్గర ఏడ్చింది. వంకాయ ముక్కలు తరుగుతూ ఏడ్చింది, ఉల్లిపాయలైనా కావు వంక పెట్టుకోవడానికి.

కంపెనీ మళ్లీ కబురు పెట్టలేదు. ఇప్పుడు తలుపు మీద మిషను పెట్టారట, అదే లెక్కపెడుతుందట. దానికి ఎండా వానా లేదు, మొగుడి కొట్టూ లేదు.

చెయ్యి అలవాటు పోదు కదా, ఆవిడ కొట్టు గుమ్మంలో కూర్చుని లెక్కపెట్టేది. మా మరిదికి చూపు ఇంకా తగ్గింది. వీధి ఆయనకి పొగలా కనిపించేది. సాయంత్రం కాగానే అడిగేవాడు.

"ఎంతమంది నడిచారోయ్ ఇవాళ?"

మొదటిరోజు నిజమే చెప్పింది, అరవై రెండని. ఆయన తల వంచుకుని అన్నం కలిపి, కలిపి, తినకుండానే లేచాడు. మర్నాడు నలభై మంది నడిస్తే, నూట నలభై అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చెప్పిన మొదటి దొంగలెక్క అదే. ఆయన అన్నం తిన్నాడు. ఇంక దాన్ని దించడం ఎలా? పంతొమ్మిది మంది నడిచినరోజు రెండు వందలంది.

"రెండు వందలా? పొద్దున్నుంచీ కుండపోతగా వాన పడుతుంటేనా?"

"గొడుగులు వేసుకుని వచ్చారండీ."

"గొడుగులవాడికి మంచి రోజు అయితే" అన్నాడు. నవ్వాడట కూడా. తర్వాత నీళ్లు తాగి, చెయ్యి చాచి తడుముకుని ఆవిడ భుజం మీద వేశాడు. ఆయనకి తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు. అయినా మర్నాడు సాయంత్రం మళ్లీ, "ఎంతమంది?" అన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది.

అలా ఏడాదిన్నర నడిపారు. కొట్టు ఇంకో చోటికి మార్చుకోవచ్చుగా అంటారేమో మీరు! ఊళ్లో ఇంకో మంచి చోటు ఎక్కడుందో ఆవిడకి తెలియదా? తెలుసు. అక్కడ కొట్టు దొరకాలి, గుండీలు కొనేవాళ్లు మిగలాలి, కళ్లు లేని మనిషి కొత్త అరలు నేర్చుకోవాలి. ఒక వేసవి పొద్దున్న కొట్టు ఖాళీ చేసి తాళం యజమానికి ఇచ్చేశారు. మా మరిది ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం అయ్యేసరికి అడగడం ఆయన మానలేదు, ఆవిడ చెప్పడం మానలేదు, అరుగు ముందు వీధిలో నడిచేది ఇద్దరో ముగ్గురో అయినా.

వానలు పడ్డాక ఆవిడకి జ్వరం వచ్చింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. పోయేనాటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు.