బూడిదలో చల్లారే గాజు

పోయిన వారం, గురువారంనాటి పేపరు జిల్లా పేజీలో, మిర్చి ధరల కింద మూడు లైన్ల వార్త: ‘విశ్రాంత ల్యాబ్ అటెండర్ మృతి’. చదివి పేపరు అవతల పడేశాను. ముప్పై ఏళ్లు పక్కింట్లో ఉన్న మనిషి కోసం ఏడవడం ముందురోజే అయిపోయింది. ఇక మిగిలింది కోపం. ఆయన అటెండర్ కాదు. మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజు ఊదే పని ఆయనది. పగిలిన బ్యూరెట్లు అతికేవారు. బొంబాయి నుంచి తెప్పించాల్సిన గొట్టాలను మంట మీద వంచి తయారుచేసి ఇచ్చేవారు. డిగ్రీ లేదని స్టాఫ్ రూములో ఆయనకి కుర్చీ వేయలేదు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చాలామంది జీవితంలో ఒక్క వస్తువు చేసి ఎరగరు. తెలుగు లెక్చరరుగా నేనూ అక్కడే కూర్చున్నాను. ఆయన్ని ‘గాజు మాస్టారు’ అని పిలిచింది మాత్రం నేనొక్కణ్ణే. ఆ గొప్ప ఎంతదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా వీధి మిర్చి యార్డుకి దగ్గర. ఫిబ్రవరి వచ్చిందంటే గాలంతా ఘాటు. నోట్లో గొట్టం పెట్టుకుని ఊదే మనిషికి తుమ్ము వచ్చిందంటే చేసినదంతా పోయినట్టే. ‘‘జనాలు మిరపకాయలు అమ్ముకునేదాకా నా ఊపిరికి సెలవులే మాస్టారూ’’ అనేవారు. వానలు పడి గాలి కడిగేశాక మళ్లీ మొదలెట్టేవారు.

పని పూర్తవగానే వేడి గాజును పత్తికట్టె బూడిద నింపిన రేకు డబ్బాలో పాతిపెట్టి, డబ్బాను రగిలే ఊకలో కూర్చోబెట్టేవారు. మూత మీద సుద్దముక్కతో వారం పేరు రాసేవారు. ఆ రోజు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ దాని జోలికి పోకూడదు. ఒకసారి నేను వెక్కిరించాను.

‘‘ఏంటండీ, ఆవకాయా? మూడోనాడు తిరగగలుపుతారా?’’

ఆయన నవ్వలేదు. ‘‘తొందరపడి చల్లారిస్తే పైకి బాగానే ఉంటదండీ. కోపం లోపల పెట్టుకుంటది. ఎవరూ ముట్టుకోనప్పుడు పగులుద్ది.’’

మనుషుల గురించి రాసిన లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. ఇంత పనికొచ్చే మాట వాటిల్లో కనబడలేదు.

తొంభైల చివర్లో పత్తిని పురుగు తినేసిన ఏడు, సత్తెనపల్లి దగ్గర ఆయన అన్న చేలోనే పురుగుమందు తాగి పోయాడు. కర్మలు చేసి వస్తూ ఆయన ఒక ఎండు పత్తికట్టె వెంట తెచ్చుకున్నారు. దాని కాయలు పగలకుండానే నల్లబడిపోయి ఉన్నాయి. అప్పటిదాకా హంసలూ దీపాలూ చేసిన మనిషి, ఇక ఆ కాయలే చేశారు. పొగరంగు గాజులో, మూసుకున్న పిడికిళ్లలా.

మొదటి ప్రదర్శన సత్తెనపల్లిలో ఒక బడి హాల్లో, నాలుగు బల్లల మీద. పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు ఎండకి తాళలేక లోపలికి వచ్చారు.

‘‘ఒరేయ్, ఇది మన చేలో కాయేరా. చూడు, పగల్లేదు.’’

‘‘అయితే దీనికీ మందు కొట్టాలేమో, అడుగు!’’

నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఒకతను తలపాగా విప్పి చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. గాజు మాస్టారుకి దక్కిన నిజమైన సమీక్ష అదొక్కటే.

మరుసటి ఏడు గుంటూరులో ఒక కళాసంఘం పెద్ద ప్రదర్శన పెట్టింది. దాని కార్యదర్శికి ఈ కాయలు నచ్చలేదు. ‘‘గుంటూరంటే మిర్చి కదండీ! ఎర్రగా నాలుగు చెయ్యమనండి, ఫోటోలో బావుంటాయి.’’ ‘‘ప్లాస్టిక్‌వి బజార్లో దొరుకుతాయి, కొనుక్కోమనండి’’ అన్నారు మాస్టారు. నిలువెత్తు పత్తిమొక్క ఒకటి, పన్నెండు కాయలతో, కొమ్మకొమ్మగా చేశారు. చివరి కొమ్మను, కాయలన్నీ గుత్తిగా ఉన్నదాన్ని, బూడిదలో పెట్టి ‘బుధవారం’ అని రాశారు. అన్న సంవత్సరీకానికి ఊరెళ్తూ తాళంచెవి నాకిచ్చారు.

‘‘బుధవారం పొద్దున్నే వచ్చి నేనే తీస్తాను. ముట్టుకోవద్దు మాస్టారూ.’’

సోమవారం మధ్యాహ్నం కార్యదర్శి ఊడిపడ్డాడు. ముఖ్య అతిథికి బుధవారం కుదరదట, ప్రారంభం ఆ సాయంత్రమేనట. ‘‘కళాకారుణ్ణి పరిచయం చేస్తూ మీరే మాట్లాడాలి మాస్టారూ, అరగంట’’ అన్నాడు. నన్ను వేదికెక్కించి అప్పటికి పదేళ్లు దాటింది. మేమిద్దరం డబ్బా మూత తీశాం. ‘‘చెయ్యి పెట్టి చూడండి, ఎక్కడండీ వేడి?’’ అన్నాడు. పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. కొమ్మను బయటికి తీసింది నా చేతులే.

నేను మాట్లాడుతుండగా, మంచి వాక్యం మధ్యలో, వెనక టిక్కుమని చిన్న చప్పుడయింది. గడియారమనుకున్నాను. తిరిగి చూసేసరికి ఆ కొమ్మ జారి, కింది కొమ్మల మీద పడి, మొక్కంతా బల్ల మీద ముక్కలై ఉంది.

‘చేతకాని పని, నిలవని గాజు’ అని రాశాడొక విమర్శకుడు. బ్యూరెట్ ఎటు పట్టుకోవాలో తెలియనివాడు. కార్యదర్శి ఊరంతా చెప్పాడు. మళ్లీ ఆయన్ని ఎవరూ ఏ ప్రదర్శనకీ పిలవలేదు. రిటైరయ్యేదాకా బ్యూరెట్లు అతికారు, ఇంట్లో ఎవరూ చూడని కాయలు చేసుకున్నారు. ఆ ఇద్దరినీ ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. నోరు మూసుకున్న మూడోవాడి పేరు ఎక్కడా ఎత్తలేదు.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం ధైర్యం చేసి, ‘‘ఆరోజు ఆ కొమ్మ...’’ అని మొదలెట్టాను.

‘‘తాళంచెవి మీ దగ్గరేగా ఉంది మాస్టారూ’’ అన్నారాయన, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

‘‘మరి ఎవరికీ చెప్పలేదేం?’’

‘‘మీరే చెబుతారనుకున్నా.’’

అంతే. తర్వాత యార్డు గాలి గురించి మాట్లాడారు. నేను ఆ తర్వాత కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆయన గాజు నిలిచే గాజే. పగలగొట్టింది నేను.

పోయిన వారం మంగళవారం సాయంత్రం ఆయన ఏదో చేసి బూడిదలో పెట్టి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయారు. నిన్న పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య నన్ను పెరట్లోకి పిలిచింది. ఊక ఎప్పుడో ఆరిపోయింది. డబ్బా అక్కడే ఉంది.

‘‘ఏం చేశారో నాకూ చెప్పలేదు. ఇక తియ్యండి అన్నయ్యగారూ, పది రోజులైంది.’’

డబ్బాకి చెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. పక్కనే సుద్దముక్క. మూత మీద ఏమీ లేదు.

‘‘వారం రాయలేదమ్మా’’ అన్నాను.

ఆవిడ పీట ఒకటి తెచ్చి నాకు వేసి, తను గడప మీద కూర్చుంది. ఎండ గోడ దిగి వెళ్లేదాకా ఆ ఖాళీ మూతను చూస్తూ ఉండిపోయాం.